ఏడేళ్ళ కిందటి స్లైడు

పోయిన వారం మిమ్మల్ని మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి నా దారిన నేను లేచి వెళ్ళిపోయాను. కొందరికి కోపం వచ్చిందని విన్నాను. రావాల్సిందే. నాకే వచ్చింది, ఆ స్లైడు మీద.

కొత్తగా వచ్చినవాళ్ళకు నాలుగు ముక్కల్లో చెబుతాను. నేను మనుషుల్ని చూసే డాక్టర్ని కాను, మనుషుల్లోంచి తీసిన ముక్కల్ని గాజు మీద పెట్టి చూసేదాన్ని. ఆసుపత్రిలో అందరూ గాజు మేడమ్ అంటారు. మొన్న లిఫ్టులు బాగుచేసే ముప్ఫై ఆరేళ్ళ కుర్రాడు నడుం నొప్పని వచ్చి స్కాన్ తీయించుకుంటే, కుడి కిడ్నీలో నిమ్మకాయంత నీటితిత్తి, ఆ తిత్తి గోడకు లోపలివైపు చిన్న కండ కనిపించాయి. స్కాన్లు చదివే మా చీకటి డాక్టరు దాన్ని చూసి, "సాధుజంతువు, కరవదు, ఆరునెలలకోసారి పలకరిస్తే చాలు," అన్నాడు. రోజంతా దీపాలు ఆర్పిన గదిలో కూర్చుంటాడు కాబట్టి ఆయనకా పేరు. సర్జను కూడా సరేనన్నాడు. నేను మాత్రం మొండికేసి, సూదితో ఆ కండలోంచి ముక్క తీయించాను. దాన్ని లెన్సు కింద పెడితే ఒక్కో కణం మధ్యలో పెద్ద ఎర్రటి చుక్క, చుట్టూ తెల్లటి వలయం కనిపించాయి. కన్ను తెరిచి నన్నే చూస్తున్నట్టు ఉంది. అక్కడ ఆగాం.

గురువారం ఉదయం పదిన్నరకు, నేను అడిగిన ప్రత్యేకమైన రంగు వేసిన స్లైడు వచ్చింది. మన కణాలన్నిట్లో ఒక ఎంజైము ఉంటుంది, ఆ రంగు దాన్ని వెతికి పట్టుకుని గోధుమరంగులో చూపిస్తుంది. చుట్టుపక్కల మామూలు కిడ్నీ అంతా చక్కగా గోధుమరంగులో ఉంది. గడ్డలో మాత్రం చుక్క రంగు లేదు, అంటే అక్కడ ఆ ఎంజైమే లేదు. నేను రెండుసార్లు చూశాను. మూడోసారి చూడటం అంటే నిజాన్ని వాయిదా వెయ్యడమే కాబట్టి చూడలేదు.

కిడ్నీ గడ్డల్లో ఇది అరుదైన జాతి. చాలామంది డాక్టర్లు పుస్తకంలో తప్ప చూడకుండానే రిటైరైపోతారు. పిట్ట కొంచెం కూత ఘనం అంటారే, అలాంటిది. బఠాణీ గింజంత ఉన్నప్పుడే ఊపిరితిత్తులకు, ఎముకలకు బయల్దేరుతుంది. అంతకన్నా చెడ్డ సంగతి ఇంకొకటి ఉంది. ఈ లోపం పుట్టుకతో వస్తుంది. అంటే ఇది ఒక మనిషి జబ్బు కాదు, ఇంటి జబ్బు.

స్లైడు చేతిలో పట్టుకుని చీకటి గదికి వెళ్ళాను.

"గాజు మేడమ్ నడిచొచ్చారంటే ఎవరికో మూడిందన్నమాట," అన్నాడాయన, తెర మీది నుంచి కళ్ళు తిప్పకుండా.

"మీ సాధుజంతువు గురించి వచ్చాను."

"మళ్ళీ మొదలెట్టారా. పదమూడు మిల్లీమీటర్లు మేడమ్ ఆ కండ. దాని మీదికి కత్తి పట్టుకెళ్ళమంటే గోటితో పోయేదానికి గొడ్డలి అంటారు."

"గోటితో పోదు," అని, రంగు పట్టని గడ్డ గురించి చెప్పాను. నేను చెబుతున్నంతసేపూ ఆయన నవ్వు కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చింది. ఇరవై ఏళ్ళుగా పోట్లాడుకుంటున్న వాళ్ళం, ఎక్కడ పోట్లాట ఆపాలో ఇద్దరికీ తెలుసు. కుర్చీ జరిపి ఆ కుర్రాడి స్కాన్ మళ్ళీ తెరిచాడు. బొమ్మలు ఒకదాని వెనక ఒకటి జారుతున్నాయి. తిత్తి, తిత్తి గోడ, గోడకు కండ. ఒక బొమ్మ దగ్గర ఆపి దగ్గరికి లాక్కున్నాడు.

కండకూ కిడ్నీకీ మధ్య ఉండాల్సిన గీత ఒకచోట లేదు. ఇంకు కాగితంలోకి దిగినట్టు లోపలికి మసగ్గా దిగిపోయింది.

"ఊపిరి సరిగ్గా బిగబట్టలేదేమో, బొమ్మ కదిలింది అనుకున్నాను," అన్నాడు. మళ్ళీ తనే, "అనుకోవాలనిపించింది, అనుకున్నాను," అని సరిచేసుకున్నాడు. ఆ రెండో మాటకు నేనాయన్ని ఎప్పటికీ గౌరవిస్తాను.

అక్కడి నుంచే సర్జనుకు ఫోన్ చేశాం. రేపు ఉదయం మొదటి కేసు ఇదే, గడ్డ ఒక్కటీ ఒలిచి తీస్తే చాలదు, చుట్టూ ఉన్న కిడ్నీ కూడా కొంత కలిపి కొయ్యాలి అని ఒప్పించాను. ఫోన్ పెట్టేశాక చీకటి డాక్టరు అడిగాడు.

"ఇంటి జబ్బు అన్నారు. ఆ ఇంట్లో ఇంకెవరున్నారు?"

అది కనుక్కోవడానికి, ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని సార్లే చేసిన పని చేశాను. వార్డుకు వెళ్ళి రోగి ముఖం చూశాను.

కుర్రాడు మంచం మీద కూర్చుని కిటికీలోంచి ఎదుటి భవనం లిఫ్టుకేసి చూస్తున్నాడు. పక్కన స్టూలు మీద వాళ్ళ అక్క ఉంది. బట్టలు కుట్టే మనిషి, మెడలో టేపు అలాగే వేసుకుని పని మధ్యలోంచి వచ్చేసింది. తల్లి లేని పిల్లలు. ఈ పిల్లే ఆ పిల్లాడిని పెంచిందని వాళ్ళు చెప్పక్కర్లేదు, ఆవిడ వాడి దుప్పటి సర్దే తీరులోనే తెలుస్తోంది.

"బాబూ, ఒకసారి చొక్కా చేతులు పైకి మడువు," అన్నాను. ఈ లోపం చర్మం మీద కూడా గుర్తు పెడుతుంది.

"కిడ్నీ చేతిలోకి వచ్చిందా మేడమ్?" అని నవ్వుతూ మడిచాడు. మోచేతి పైన ఏడెనిమిది చిన్న గడ్డలు ఉన్నాయి. కందిగింజంతేసి, ఎర్రగా, గట్టిగా. "ఇవా? గ్రీజు పడక వచ్చినవి. చలేస్తే సలుపుతాయి, అంతే."

"గ్రీజు అయితే నాకెలా వచ్చాయిరా?" అంది అక్క. తన ముంజేయి చాపి చూపించింది. అవే గడ్డలు, అదే రంగు. "చిన్నప్పుడు అమ్మకీ ఉండేవి. అమ్మ పోలిక అనుకునేవాళ్ళం."

అమ్మ ఎలా పోయిందని అడిగాను. కడుపులో గడ్డ అన్నారట, ముప్ఫై ఎనిమిదేళ్ళకు. అంతకు మించి వాళ్ళకు తెలియదు, అప్పటికి ఆవిడకు పదకొండేళ్ళు, వాడికి ఎనిమిది.

ఇక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ లోపం ఉన్న ఆడవాళ్ళకు కిడ్నీ కన్నా ముందు గర్భసంచి గోల పెడుతుంది. "నీకు గర్భసంచి ఎలా ఉందమ్మా?" అన్నాను.

"లేదు మేడమ్. ముప్ఫై రెండేళ్ళకే తీసేశారు, లోపల గుత్తులు గుత్తులుగా గడ్డలని. ఈ ఆసుపత్రిలోనే. ఏడేళ్ళయింది." నేను భయపడుతున్నానని అనుకుందో ఏమో, నాకే ధైర్యం చెప్పింది. "ముక్క పరీక్షకు కూడా పంపారు మేడమ్. మామూలు గడ్డలే, భయం లేదని రాసిచ్చారు."

ఏడేళ్ళ కిందట ఈ ఆసుపత్రిలో ముక్క పరీక్షలు చూసింది ఎవరో నాకు తెలుసు.

"ఇంకేమైనా ఆపరేషన్లు అయ్యాయా?"

ఆవిడ తమ్ముడి వైపు ఒకసారి చూసింది. "లేవు మేడమ్," అంది. ఆ చూపు నేను గమనించాను. గమనించి వదిలేశాను. నా మనసప్పటికే మెట్లు దిగి కింది అంతస్తులోకి వెళ్ళిపోయింది. మూడింటికి స్కాన్ గదికి రమ్మని, ఆవిడ పాత కార్డు మీది నంబరు రాసుకుని బయటపడ్డాను.

"నాకెందుకు మేడమ్, వాడి కోసం కదా వచ్చాను," అంటోంది వెనక నుంచి.

కింది అంతస్తులో మా పాత స్లైడ్ల గది ఉంది. ఇనప సొరుగులు, సొరుగుల నిండా గాజుపలకలు, ఇంకో పక్క ముక్కలు పొదిగిన మైనం దిమ్మలు. మనుషులు పోయినా వాళ్ళ ముక్కలు ఇక్కడ నంబరు ప్రకారం ఉంటాయి. ఆవిడవి పావుగంటలో దొరికాయి. మూడు స్లైడ్లు, వాటితో పిన్ను చేసిన కాగితం.

ఇక్కడ నా అలవాటు ఒకటి మీకు చెప్పాలి. ఈ కథంతా దాని మీదే బోల్తా పడింది. మా గురువుగారు మాకు మొదటి రోజు నేర్పిన పాఠం, ముందు గాజు, తర్వాత కాగితం. రోగి వయసు, బాధ, ఇంటి సంగతులు కాగితంలో ఉంటాయి. అవి ముందే చదివితే మనసు ఒకవైపు మొగ్గుతుందని, కళ్ళు కడుక్కుని గాజు చూశాకే కాగితం ముట్టుకోవాలని ఆయన నియమం. మంచి నియమమే. నేను వందమందికి నేర్పాను. అయితే గర్భసంచులు వారానికి ముప్ఫై వస్తాయి. ముప్ఫైలో ముప్ఫై మామూలు గడ్డలే. ట్రేలు పేరుకుపోయిన రోజున గాజు చూస్తాం, చిన్న లెన్సులో, పది సెకన్లు. కాన్సర్ లేదు కదా అని సంతకం పెడతాం. కాగితం వంతు రానే రాదు. నియమంలో సగమే పాటించానని ఏడేళ్ళపాటు నాకు తెలియలేదు.

ఆ రోజు మొదటిసారి కాగితం ముందు చదివాను. కాన్పుల డాక్టరు నీలం సిరాతో చివర్లో రెండు వరసలు రాసింది. రెండు చేతుల మీద చిన్న గడ్డలు, చలికి నొప్పి. తల్లి కడుపులో గడ్డతో చిన్న వయసులో మృతి. దాని కింద, వరుస తప్పకుండా, నా సంతకం ఉంది.

స్లైడు పైకి తీసుకొచ్చి ఈసారి పెద్ద లెన్సులో చూశాను. వెతకాల్సిన పని కూడా లేకపోయింది. ఎర్రటి చుక్క, చుట్టూ తెల్లటి వలయం. ఒకచోట కాదు, ఎటు జరిపితే అటు.

ఇంకో సంగతి దాచుకోను. అదే ఏడాది నేను కుర్ర డాక్టర్లకు అరుదైన కిడ్నీ గడ్డల గురించి పాఠం చెప్పాను. ఈ జబ్బు పేరు బోర్డు మీద రాశాను. ఎక్కడినుంచో అరువు తెచ్చిన స్లైడు చూపించి, ఈ కన్ను ఒక్కసారి చూస్తే జన్మలో మర్చిపోరు అన్నాను. అదే కన్ను నా బల్ల మీద, నా ట్రేలో ఉంటే మామూలు గడ్డ అని రాసి పంపించాను. అరుదైనవి పుస్తకాల్లో ఉంటాయని, ట్రేలో ఉండేవన్నీ మామూలువేనని నా ఒళ్ళు నమ్మేసింది.

సిగ్గేసింది. నిజం చెప్పాలంటే సిగ్గు కన్నా ముందు భయం వేసింది. ఆ వరస నాకు నచ్చలేదు, అయినా జరిగింది అదే.

సవరించిన రిపోర్టు అప్పుడే టైపు చేసి, సంతకం పెట్టి, మడిచి కోటు జేబులో పెట్టుకున్నాను. మూడింటికి పావుగంట ముందు చీకటి డాక్టరుకు స్లైడు సంగతి చెప్పాను.

"ఆవిడకేం చెబుతారు?" అన్నాడు.

"ఉన్నది."

"ఉన్నది చెప్పడానికి వంద దార్లున్నాయి మేడమ్. ఇప్పుడు కొత్త పరీక్షలు వచ్చాయి, వాటిలో తేలింది అనండి. అబద్ధం కూడా కాదు."

"నిజం కూడా కాదుగా."

"మీ రిటైర్మెంటుకు పద్నాలుగు నెలలుంది. ముందు స్కాన్ చూద్దాం. ఆవిడ కిడ్నీలు శుభ్రంగా ఉన్నాయనుకోండి, మీ పొరపాటు వల్ల ఎవరికీ ఏమీ కానట్టేగా. అప్పుడు నెమ్మదిగా చెప్పొచ్చు."

ఆ మాట నాకు తీయగా వినిపించింది. నిజంగా. ఎవరికీ ఏమీ కాకపోతే చెప్పడం ఎంత తేలికో అనుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారని నవ్వుతాం కానీ, కాలిన చేతికి ఏ ఆకైనా చల్లగానే ఉంటుంది.

మూడింటికి ఆవిడ వచ్చింది. గది బయట బెంచీ మీద ముఖానికి మాస్కు కట్టుకున్న సన్నటి మనిషి కూర్చున్నాడు. వాళ్ళాయనట, గడియారాలు బాగుచేస్తాడట. మా గోడ గడియారం రెండు నిమిషాలు ఆలస్యం నడుస్తోందని లోపలికి తొంగిచూసి చెప్పి మరీ కూర్చున్నాడు.

ఆవిడ బల్ల మీద పడుకుంది. చీకటి డాక్టరు కుడి పక్క జెల్ రాసి, పరికరం ఆనించి జరపసాగాడు. ఆయనకు చూస్తూ మాట్లాడే అలవాటు.

"కుడి కిడ్నీ. పన్నెండున్నర సెంటీమీటర్లు. బాగా పెద్దదే. తిత్తుల్లేవు. గోడలు శుభ్రం. ఊపిరి బిగబట్టమ్మా. వదులు. శుభ్రంగా ఉంది." నా వైపు తిరిగి కనుబొమ్మలెగరేశాడు.

ఆవిడను పక్కకు తిరగమని ఎడమ వైపు మొదలుపెట్టాడు. ఊపిరి బిగబట్టమన్నాడు. వదలమన్నాడు. మళ్ళీ బిగబట్టమన్నాడు. పరికరాన్ని పైకి జరిపాడు, కిందికి జరిపాడు, వీపు వైపు తిప్పాడు.

"ఎడమది కనిపించడం లేదు," అన్నాడు నాతో, గొంతు తగ్గించి. "కొందరికి పుట్టుకతోనే ఒకటే ఉంటుంది. అందుకే కుడిది పెద్దదైంది."

"పుట్టుకతో రెండూ ఉన్నాయండీ," అంది ఆవిడ గోడ వైపు తిరిగి పడుకునే.

చీకటి డాక్టరు పరికరం పక్కన పెట్టాడు.

"మా తమ్ముడు బయట లేడు కదా మేడమ్?"

లేడు, వార్డులోనే ఉన్నాడని చెప్పాను.

"ఒకటి ఇచ్చేశాను. నాలుగేళ్ళయింది. మా ఆయనకి రెండూ పాడైపోతే. తమ్ముడు తనది ఇస్తానని పట్టుబట్టాడు మేడమ్, వాడికా ఇద్దరు చిన్నపిల్లలు. అందుకని ఎవరో చనిపోయినాయనది దొరికిందని వాడికి చెప్పాం. పొద్దున మీరడిగినప్పుడు వాడి ముందు చెప్పలేకపోయాను. తప్పయితే క్షమించండి."

చీకటి డాక్టరే అడిగాడు. "ఇచ్చేముందు అన్ని పరీక్షలూ చేసుంటారు కదమ్మా?"

"అన్నీ చేశారండీ. ఇక్కడ కాదు, పెద్దాసుపత్రిలో. వాళ్ళ కమిటీలో ఒకాయన గర్భసంచి ఎందుకు తీశారు, ఆ గడ్డలేంటి, ముందది తేల్చండి అని పట్టుకున్నాడు. వారం రోజులు నాకు నిద్ర లేదు. అప్పుడు ఈ ఆసుపత్రి రిపోర్టు తీసుకెళ్ళి చూపించాను. ఆయన కింద సంతకం చూసి, ఈవిడ రాశారంటే ఇంక అనుమానం లేదు, కానివ్వండి అన్నాడు." ఆవిడ మా వైపు తిరిగింది. ముఖంలో నవ్వు ఉంది. "ఇంటికొచ్చి మా ఆయనతో అన్నాను, ఆ డాక్టరమ్మ ఎవరో గానీ చల్లగా ఉండాలి అని."

చీకటి డాక్టరు నా వైపు చూసి, ఆవిడకు కనపడకుండా తల అడ్డంగా ఊపాడు. ఇప్పుడు కాదు, అని. ఆయన మంచికే చెప్పాడు. కానీ ఆ దీవెన ఒంటి మీద పెట్టుకుని ఆ గదిలోంచి బయటికి వెళ్ళడం నా వల్ల కాలేదు.

"ఆ సంతకం నాదమ్మా," అన్నాను.

"మీరేనా మేడమ్?" అని లేవబోయింది, చేతులు జోడించడానికి.

"లేవకు. ముందు విను. ఆ రిపోర్టు తప్పు. నేను తప్పు రాశాను." జేబులోంచి కాగితం తీశాను. విప్పి ఆవిడకు చాపాను. "అవి మామూలు గడ్డలు కావు. మీ తమ్ముడి కిడ్నీలో ఉన్నదానికీ వాటికీ వేరు ఒకటే. అది మీ అమ్మ నుంచి మీ ఇద్దరికీ వచ్చింది. నీ చేతుల మీద గడ్డలున్నాయని, మీ అమ్మ అలా పోయిందని ఆ రోజు కాగితం మీద రాసే ఉంది. నేను చదవలేదు. చదివి, రెండు నిమిషాలు ఎక్కువ చూసుంటే అప్పుడే తెలిసేది."

ఆవిడ కాగితం తీసుకోలేదు. బల్ల అంచు మీద లేచి కూర్చుని, పక్కటెముకల మీది జెల్ చెంగుతో తుడుచుకుంది.

"అప్పుడే తెలిసుంటే ఏమయ్యేది మేడమ్?"

"నీ కిడ్నీ ఎవరూ తీసుకునేవాళ్ళు కాదు."

"మరి ఆయన?"

"డయాలిసిస్ మీద ఉండేవారు. ఇంకొకరిది దొరికేదాకా."

"దొరకదు మేడమ్. రెండేళ్ళు చూశాం." జెల్ అంటిన చెంగు మడుచుకుంది. "ఈ నాలుగేళ్ళు ఆయన మళ్ళీ కొట్టు తెరిచారు. సైకిలు తొక్కుతున్నారు." నన్ను తిట్టడానికి మాటలు వెతుక్కుంటోందో, లేక వదిలెయ్యడానికో నాకు అర్థం కాలేదు. ఆవిడకూ అర్థం కాలేదనుకుంటాను. నా తప్పు ఒక మనిషికి నాలుగేళ్ళిచ్చిందని అక్కడే కూర్చుని నన్ను నేను ఓదార్చుకోవచ్చు. ఆ పని మాత్రం చెయ్యలేదు, ఎందుకంటే ఆవిడ ఇంకా సగమే అర్థం చేసుకుంది.

"పోనీండి. నాది బాగానే ఉందన్నారు కదా సారు," అంది.

"నీలో ఉన్నది బాగుంది."

"నాలో ఉన్నది," అని ఆవిడ ఆ మాటను తనలో తనే అనుకుంది. తర్వాత ఇంకోసారి అంది. అప్పుడు ముఖంలో రంగు పోయింది.

చీకటి డాక్టరుకూ నాకూ తెలిసి ఆవిడకు తెలియని సంగతి మరొకటి ఉంది. ఇంకొకరి కిడ్నీ పెట్టించుకున్న మనిషి జీవితాంతం మందులు మింగుతాడు. పరాయి వస్తువును ఒళ్ళు తరిమెయ్యకుండా, ఒంట్లో కాపలా కాసేవాళ్ళను నిద్రపుచ్చే మందులవి. ఇలాంటి గడ్డకు అంతకన్నా అనుకూలమైన ఇల్లు ఉండదు. తలుపులు తీసిపెట్టి, కాపలావాణ్ణి పడుకోబెట్టి, దొంగకు దారి చూపించినట్టే.

నేను చెప్పేలోపే ఆవిడ తలుపు దగ్గరికెళ్ళింది. గొంతు మామూలుగానే ఉంది. అంత మామూలుగా ఎలా మాట్లాడగలిగిందో నాకు ఈరోజుకీ తెలియదు.

"ఏమండీ, ఒకసారి లోపలికి రండి. మిమ్మల్ని కూడా చూస్తారట."

ఆయన మాస్కు సర్దుకుంటూ వచ్చాడు. "ఒకరికి తీస్తే ఒకరికి ఉచితమా డాక్టరు గారూ?" అన్నాడు. బల్ల మీద పడుకుని, అడక్కుండానే పొత్తికడుపు కుడి వైపు చొక్కా పైకి లాగి, పాత కోత మీద చెయ్యి వేశాడు. "దీని స్కాన్ తీసి రెండేళ్ళయింది. నెలనెలా రక్తపరీక్ష చేయిస్తున్నాను, నంబర్లన్నీ బాగున్నాయంటున్నారు. ఆవిడిచ్చింది కదా, ఆవిడ లాంటిదే. ఒక్కరోజు సెలవు పెట్టదు."

మార్చిన కిడ్నీని నడుము దగ్గర పెట్టరు, పొత్తికడుపులో, చర్మానికి దగ్గరగా పెడతారు. అందుకని అది తెర మీద చాలా స్పష్టంగా కనిపిస్తుంది. చీకటి డాక్టరు పరికరం ఆనించి, ఎప్పటిలా మాటలు మొదలుపెట్టాడు. గోడ గడియారం ఆలస్యానికి బ్యాటరీ కారణమా, ముల్లు కారణమా అని అడిగాడు. ముల్లు కాదండీ, లోపల దుమ్ము పట్టుంటుంది, ఒకసారి విప్పితే గానీ తెలియదు, అని ఆయన వివరిస్తున్నాడు. నిజమేనండీ, పైకి ఎంత చూసినా, అని చీకటి డాక్టరు అనబోయి ఆగాడు.

పరికరాన్ని అక్కడే, అంగుళంలో సగం, ఇటూ అటూ తిప్పాడు. తెర వెలుగు ఆయన ముఖం మీద పడుతోంది. ఇరవై ఏళ్ళలో ఆయన స్కాన్ చూస్తూ మాట్లాడకుండా ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు. కాసేపటికి చెయ్యి చాపి, తెరను మెల్లగా గోడ వైపు తిప్పేశాడు.

"మేడమ్," అన్నాడు, నాకు మాత్రమే వినపడాలన్నంత తక్కువ గొంతుతో. "సర్జనుకు ఫోన్ చెయ్యండి. లిఫ్టు కుర్రాడి గురించి కాదని చెప్పండి."

గది చిన్నది. ఆవిడ వినేసింది.

"ఏమైందే?" అన్నాడు వాళ్ళాయన, మా ముగ్గురి ముఖాలూ చూసి. ఆవిడ బల్ల దగ్గరికొచ్చి, జెల్ అంటుతున్నా చూసుకోకుండా, ఆయన పొత్తికడుపు మీద అరచెయ్యి పరిచి గట్టిగా అదిమి పట్టుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"అది నాది మేడమ్," అంది. "ఆయనలోంచి తీసేసి మళ్ళీ నాకే పెట్టెయ్యమనండి."